కేకపేటలో ముక్కబియ్యం

మా ఇంట్లో నా ఫోను అలారం మోగితే నేను తప్ప అందరూ లేస్తారు. కిందింటివాళ్ళు కూడా లేస్తున్నారని ఈమధ్యే తెలిసింది. వాళ్ళే వచ్చి చెప్పారు. పాట మార్చాను. గంట పెట్టాను. కోడికూత పెడితే ఎదురింటి కుక్క వారం రోజులు నన్ను అనుమానంగా చూసింది. అలారంతో నా పేచీ ఒకటే. మోగడంతో తన పని అయిపోయిందనుకుంటుంది. మనం లేచామా లేదా అన్నది దాని శాఖ కాదు. నేను ప్రభుత్వోద్యోగిని కాబట్టి ఈ ధోరణిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ బాధ బాధే.

ఆ బాధలో భాగంగానే అమలాపురం డిపోలో తడిశాను. బస్సు ఊళ్ళోకి వచ్చి, జనమంతా దిగి, బస్సు డిపో చేరి, కడగడం మొదలయ్యాక నాకు మెలకువ వచ్చింది. కిటికీలోంచి పైపు నీళ్ళు ధారాళంగా మొహం మీద పడ్డాయి. అనంతపురంవాణ్ణి, నీళ్ళు మీద పడితే తిట్టడం మాకు అలవాటు లేదు. పైపు పట్టుకున్నాయనే కంగారుపడి తన తువ్వాలు ఇచ్చాడు. అందరూ దిగుతుంటే నన్నెందుకు లేపలేదని అడిగాను.

“మంచి నిద్దట్లో ఉన్నారండి. లేపితే బాగోదనీ...”

కోనసీమలో నేను విన్న మొదటి మాట ఇది. ఆ తర్వాత జరిగిందంతా దీనికి వ్యాఖ్యానమే అనుకోవచ్చు.

అమలాపురం: కేకయ రాజ్యం

నేను అమలాపురం వెళ్ళడానికి కారణం ఒక కేకు డబ్బా. మా ఆఫీసులో సుధాకర్ సెలవు నుంచి వస్తూ తెచ్చిన డబ్బా మీద బేకరీ చిరునామా ‘కేకపేట, అమలాపురం’ అని ఉంది. కేకులమ్మే చోటుకి ఆ పేరే పెట్టుకున్నంత నిజాయతీ గల ఊరు ఉందని నాకప్పటిదాకా తెలియదు. బేకరీ వాళ్ళ బావ సత్తిబాబుదనీ, పేట పేరు మాత్రం కేకుల కంటే చాలా పాతదనీ సుధాకర్ చెప్పాడు. ఎలా వచ్చిందో ఎవరికీ సరిగ్గా తెలియదట. పైగా పేట మొగలో కొత్తగా ఆర్చి కట్టారు. ఆదివారం దాని మీద పేరు మార్చి రాస్తున్నారు. చూడాలంటే ఈలోపే చూడమన్నాడు. హైదరాబాదులో ఉంటూ చార్మినారు ఎక్కడం పదేళ్ళుగా వాయిదా వేస్తున్న నేను కేకపేటకి మర్నాడే బయల్దేరాను. మనిషికి దేని మీద ఉత్సాహం పుడుతుందో చెప్పలేం.

శుక్రవారం పొద్దున్నే తడి చొక్కాతో బేకరీ చేరాను. సత్తిబాబుగారు ఏమైందని అడగలేదు. ఫ్యాను నా వైపు తిప్పి, టీ ఇచ్చి, దాని పక్కన దిల్‌పసంద్ పెట్టి, దాని పక్కన ఇంకోటి పెట్టి, డబ్బులంటే నొచ్చుకున్నాడు. మా వైపు టీ పది రూపాయలు, నీకు నాకు చెల్లు. ఇక్కడ టీ ఊరికే వస్తుంది గానీ తాగిన పాపానికి మధ్యాహ్నం భోజనానికి కూడా ఉండాలి.

పేరు సంగతి అడిగాను. కుర్రాళ్ళు తమ పేట అదిరిపోతుంది కాబట్టి కేక అంటారట. సత్తిబాబుగారికి మాత్రం కేకు అనుకోవడమే ఇష్టం, వ్యాపార రీత్యా. అసలు సంగతి చెప్పగలవారని నన్ను మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళాడు. మాస్టారు ఆర్చి కమిటీకి అధ్యక్షులు. వేదం చెప్పుకున్న కుటుంబం, తాను సంస్కృతం బోధించి రిటైరయ్యారు. అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని, ఇది కేకయ పేట అని ఒక్క ముక్కలో తేల్చేశారు. భరతుడు మేనమామగారి కేకయ రాజ్యం నుంచి అయోధ్యకి తిరిగి వెళ్తూ ఇక్కడ విడిది చేశాడట. పంజాబు అవతలి నుంచి అయోధ్య వెళ్ళేవాడికి అమలాపురం ఎక్కడ తగిలిందని అడగబోయాను. కానీ నేను మాత్రం తిన్నగా వచ్చానా? డిపో మీంచి వచ్చాను. ఊరుకున్నాను.

“కాబట్టి ఆర్చి మీద కేకయ నగర్ అని రాయిస్తున్నాం,” అన్నారు మాస్టారు. “కేక అంటే బాగోదు కదండీ. సంబంధాలు చూడ్డానికొచ్చేవాళ్ళు బోర్డు చూసి నవ్వుతున్నారు.”

“మీ పేటంతా దీనికి ఒప్పుకున్నట్టేనా?” అని సత్తిబాబుగారిని అడిగాను.

“ఆయ్,” అన్నాడు సత్తిబాబుగారు.

ఇక్కడొక మాట చెప్పాలి. ‘ఆయ్’ అంటే ఔనని మొదటిరోజు నా నమ్మకం. మా వైపు కాదంటే ‘లే పో’ అంటారు, ఔనంటే ‘ఊ’ అంటారు, రెండిట్లో ఏదన్నా ముఖం మీదే అంటారు. గోదావరి ఆయ్ అలాంటిది కాదు. ‘తమరు మాట్లాడుతున్నారు, నేను వింటున్నాను, మా గుమ్మంలోకి వచ్చినందుకు సంతోషం’ అని దాని పూర్తి పాఠం. ఒప్పుకోవడం అందులో ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

సరిగ్గా అప్పుడే కాలవ అవతలి నుంచి ఒక ఆడగొంతు లేచింది. అరుపు కాదు. తీగలా సాగి, ఇళ్ళ మీదుగా వచ్చి, మా ముగ్గురి మధ్యలోంచి దాటి వెళ్ళిపోయింది. కొబ్బరికాయలు దింపే మనిషిని పిలుస్తున్నారు. రెండు వీధుల ఆవల ఎక్కడో చెట్టు మీంచి “ఆ...య్” అని జవాబు వచ్చింది.

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. నడుస్తూ వెనక్కి వచ్చేటప్పుడు సత్తిబాబుగారు గొంతు తగ్గించి, అది వెంకాయమ్మగారి గొంతనీ, ఆవిడకి వాళ్ళ మామ్మ నుంచి వచ్చిందనీ, నిజానికి పేటకి పేరు వచ్చింది ఆ మామ్మ వల్లేననీ చెప్పాడు. మాస్టారి ముందు ఎందుకు చెప్పలేదన్నాను. పెద్దాయన అలా చెబుతుంటే మధ్యలో కాదంటే బాగోదట.

కాలవ గట్టు: కేకమ్మ

వెంకాయమ్మగారికి డెబ్బై దాటి ఉంటాయి. ఊళ్ళో సంబంధమే చేసుకున్నారు కాబట్టి పుట్టిన పేట దాటలేదు. నేను వచ్చిన పని వినగానే పీట వాల్చి, పళ్ళెంలో వేడివేడిగా ఉప్పుడు పిండి పెట్టారు.

“ముక్కబియ్యంతో చేసేనండి. తింటా వినండి.”

మేము నూకలనేదాన్ని ఇక్కడ ముక్కబియ్యం అంటారు కాబోలు అనుకున్నాను. తింటా విన్నాను.

బస్సులు లేని రోజుల్లో ఇక్కడి నుంచి పడవలే. కాలవ మీద తెల్లవారకముందే పడవ బయల్దేరి లొల్ల లాకుల మీదుగా పైకి వెళ్ళేది. నేను హైదరాబాదులో చదువుకున్నాను. అక్కడ లొల్లి అంటే గోల. కేకపేటలో ఎక్కి లొల్లలో దిగే ప్రయాణం ప్రపంచంలో మరెక్కడా ఉండదని ఆవిడకి చెప్పాను. ఆవిడ మర్యాదకి నవ్వారు.

ఇళ్ళలో గడియారాలు లేవు. పడవ తప్పితే కోర్టు వాయిదాలు, పెళ్ళిచూపులు, పురుళ్ళు అన్నీ తప్పేవి. అందుకని వెంకాయమ్మగారి మామ్మ చీకట్లోనే లేచి, ఆ రోజు ఎవరెవరు పడవెక్కాలో వాళ్ళ ఇళ్ళ ముందు నిలబడి పేరుపేరునా పిలిచేది. లోపల్నుంచి ‘ఆయ్’ అని వినపడాలి. వినపడ్డా కదిలేది కాదట. నిద్దట్లో ఆయ్ అని పక్కకి తిరిగేవాళ్ళు ఎంతమందో. మనిషి గుమ్మంలోకి వచ్చి మొహం చూపిస్తేనే తర్వాతి ఇంటికి. కోతలయ్యాక ఎవరి చేటలోంచి వాళ్ళు ఇంత ధాన్యం పోసేవాళ్ళు. ఆ పేటలో ఇప్పటికీ ఒక సామెత ఉంది. ఒప్పుకుని పని చెయ్యనివాణ్ణి ‘కేకమ్మకి ఆయ్ అన్నట్టు’ అంటారు.

ఎలా పిలిచేదో వినిపించమన్నాను. ఆవిడ చెంగు సర్దుకుని లేచి నిలబడ్డారు.

“భద్రయ్యగారో...య్! పడవో...య్!”

పెరట్లో కొంగలు లేచిపోయాయి. బేకరీ వైపు నుంచి ఎవరో ‘ఆయ్’ అన్నారు. నా వీపు మీద వెంట్రుకలు కూడా లేచాయని ఒప్పుకోవాలి. చొక్కా తడిగా ఉండడం వల్ల కాదు.

ఇంతకీ ఆవిడ పట్టుదల ఏమిటంటే ఆర్చి మీద మామ్మ పేరు ఉండాలి. కమిటీకి వెళ్ళి అడిగారు. మాస్టారు సబబుగానే మాట్లాడారు. కేకమ్మ అనేది పేరు కాదమ్మా, పని. అసలు పేరు తీసుకురా, కేకయని పక్కన పెట్టి ఆ పేరే రాయిస్తాను అన్నారు. పెయింటరు ఆదివారం పొద్దున్న వస్తాడు. చిక్కల్లా ఒక్కటే. ఆ పేరు ఎవరికీ తెలియదు.

“మా తాతకి ఆవిడ ‘ఒసే’ అండి,” అన్నారు వెంకాయమ్మగారు. “మా నాన్నకి అమ్మ. మాకు మామ్మ. పేటకి కేకమ్మ. ఇహ మా అమ్మ కోడలాయె. అత్తగారి పేరు నోట అనకూడదు గదండి. కాయితాలేవన్నా ఉంటే గాలివానకి పోయాయి. ఆఖరికి దినాల్లో కూడా కేకమ్మనే చెప్పించేరంట. ఇంకో పేరు చెప్తే ఎవర్నో అనుకుంటదని.”

గిన్నె మీద మూత సర్దుతూ, “ఊరందర్నీ పేరెట్టి పిలిచిందండి,” అన్నారు.

నేను పళ్ళెంలోకి చూశాను. అడగడానికి ఏమీ తోచక తాతగారు ముందు పోయారా అన్నాను.

“ముందే అండి. ఆయనకి ముక్కబియ్యం తొందరగా చెల్లిపోయేయి.”

నూకలు చెల్లడం తెలుసు. ముక్కబియ్యం చెల్లడం మొదటిసారి విన్నాను. కోనసీమ పలుకుబడి ఎంత ముచ్చటగా ఉందో అని మెచ్చుకున్నాను. ఆవిడ అర్థం కానట్టు చూసి, మరో గరిటె వడ్డించారు.

కొత్తపేటలో వాళ్ళ అక్క సూరమ్మగారున్నారు. మామ్మ పుట్టిల్లు ఏ ఊరో ఆవిడకి గుర్తుండొచ్చు. పుట్టింట్లో అయితే మనిషికి పేరు ఉంటుంది. పొద్దున్నే వెళ్దామనుకున్నాం. కారు తెస్తారా అని సత్తిబాబుగారిని అడిగాను.

“ఆయ్,” అన్నాడు.

కొత్తపేట: కోడలి మాట

శనివారం పొద్దున్న కారు రాలేదు. సత్తిబాబుగారి కారు రెండు నెలలుగా షెడ్డులో ఉందట. నిన్న చెప్పొచ్చు కదా అంటే, అంత దూరం నుంచి వచ్చినవారిని నిరుత్సాహపరచడం బాగోదనుకున్నాడట. వెంకాయమ్మగారు నా వైపు తిరిగి, “కేకమ్మకి ఆయ్ అన్నట్టు,” అన్నారు. బస్సెక్కాం.

దారి గురించి రాయమంటే నాకు కష్టం. మా వైపు బస్సులో కిటికీ పక్క సీటు కోసం ఎవరూ పోట్లాడుకోరు. బయట చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు, ఉన్నది వచ్చే గంటలో కూడా అలాగే ఉంటుంది. ఇక్కడ రోడ్డు పక్కన కాలవ, కాలవ పక్కన అరటి, అరటి వెనక కొబ్బరి, కొబ్బరి సందుల్లో వరి. మధ్యలో ఎక్కడా ఖాళీ వదల్లేదు. ఇంత పచ్చదనం మీద మా తాలూకాకి కూడా వాటా ఉండాలని రెండు మూడుసార్లు అనిపించింది. పక్కసీటాయనతో అన్నాను. “ఆయ్,” అన్నాడు. నమ్మలేదు.

సూరమ్మగారికి చెవులు కొంచెం మందం. చెల్లెలి గొంతు ముందు అది పెద్ద లోపం కాదు. పేరు ఆవిడకీ తెలియదు. పుట్టింటి ఊరు మాత్రం తెలుసు. రాజోలు దాటాక వశిష్ఠ గట్టున ఒక లంక. మామ్మకి అన్నగారి కూతురు చిట్టెమ్మ అని, తమకి పిన్ని వరస, అక్కడే ఉందట.

మరి ఇన్నాళ్ళూ వెళ్ళి అడగలేదేం అన్నాను. అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. సూరమ్మగారి పెళ్ళికి ఆ పుట్టింటివాళ్ళకి శుభలేఖ పోస్టులో పంపారట. ఎవరూ వెళ్ళి బొట్టు పెట్టి పిలవలేదు. పిలవని పేరంటానికి మేం రామని వాళ్ళు ఆనాడే తెంపుకున్నారు. ఊరందరినీ పిలిచే ఇల్లు పుట్టింటివాళ్ళని పిలవడం మర్చిపోయింది. ఇందులో హాస్యం ఉందని నాకు తెలుస్తోంది గానీ ఆ ఇంట్లో నవ్వే వీలు లేదు.

భోజనాలయ్యాయి. పనసపొట్టు కూర గురించి నేను వేరే పుస్తకం రాయాలి. మజ్జిగలోకి సూరమ్మగారి కోడలు పద్మగారు వడియాలు తెచ్చారు. ఇవి దేనితో చేశారని అడిగాను.

“నూకలతోనండి,” అని పద్మగారు నాలిక కరుచుకున్నారు. “మా అత్తగారి ముందు ముక్కబియ్యం అనాలి. కాపురానికొచ్చిన కొత్తలో నూకలన్నానని ఎంత చూసేరో నా వైపు. ఎందుకండీ అంటే ఆవిడకీ తెలీదు. వాళ్ళమ్మ అనేది కాదంట, వీళ్ళూ అనరు.”

కోనసీమ పలుకుబడి కాదన్నమాట. ఒక్క ఇంటి పలుకుబడి. నేను నిన్న మెచ్చుకున్నది గుర్తొచ్చి కొంచెం మజ్జిగ తాగాను.

“మా అమ్మమ్మగారూళ్ళో ఒకావిడుండేదండి,” పద్మగారు వడియాలు వేస్తూ అన్నారు. “సీతాఫలం అనేది కాదు. కళ్ళకాయ అనేది. వాళ్ళాయన పేరు సీతయ్యని...”

అని ఆగిపోయారు. చేతిలో వడియం చేతిలోనే ఉంది.

నేను వెంకాయమ్మగారి వైపు చూశాను. ఆవిడ అక్కగారి వైపు చూస్తున్నారు. పెనిమిటి పేరు, అత్తమామల పేర్లు నోట అనకూడని కోడలు, ఆ పేరున్న మాటలు కూడా అనదు. బతికినంతకాలం ఇంట్లో బియ్యం జల్లించి, రవ్వ తీసి, పిల్లలకి వండిపెట్టిన వీళ్ళమ్మ ఒక్కసారి కూడా నూకలనలేదు. అత్తగారి పేరు దాచి పెట్టడానికి ఇంకో మాట కనిపెట్టుకుంది. పిల్లలకి మాట అందింది, కారణం అందలేదు.

“మీ తాతగారి పేరు నూకరాజు కాదు కదా?” అన్నాను.

“వీర్రాజండి,” అన్నారు వెంకాయమ్మగారు. పక్కింటికి కూడా వినపడలేదు. అది ఆవిడ విషయంలో పెద్ద సంగతి.

“ఏంటంటా?” అన్నారు సూరమ్మగారు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

లొల్ల, ఆత్రేయపురం: పడమరకి ఉత్తరంగా

రాజోలు పడమర. మేం ఉత్తరంగా వెళ్ళాం. పిలుపు తప్పిన ఇంటికి ఉత్త చేతులతో వెళ్ళకూడదనీ, పూతరేకులంటే ఆత్రేయపురంలోనే కొనాలనీ, ఈ రెండింటి మీదా చర్చ లేదనీ వెంకాయమ్మగారు చెప్పారు. అప్పుడు నేనూ ఆయ్ అన్నాను. మూడు పూటల్లో నేర్చుకోలేని భాషేం కాదు.

లొల్ల లాకుల దగ్గర ఆటో ఆపించాను. నీళ్ళు తలుపుల కింద నుంచి గోలగోలగా దూకుతున్నాయి. పేరుకి తగ్గ ఊరు. మామ్మ లేపిన జనమంతా ఇక్కడ కళ్ళు నులుముకుంటూ తేలారని చెబితే, ఆటో ఆయన బండి ఆపుచేసి మరీ విన్నాడు. వెంకాయమ్మగారు నీళ్ళకేసి చూస్తూ ఎందుకో చెయ్యి ఊపారు.

ఆత్రేయపురంలో ఒక ఇంటి వసారాలో పూతరేకు తీయడం చూశాను. బోర్లించిన కుండ కింద మంట. గుడ్డని పల్చటి పిండిలో ముంచి కుండ మీద ఒక్కసారి పరుస్తారు. గుడ్డ తీసేసరికి కుండకి కాయితం కంటే పల్చటి పొర. మా రాగిసంకటి ముద్దతో మనిషిని పడగొట్టొచ్చు. ఇక్కడి మిఠాయి దగ్గర తుమ్మితే ఎగిరిపోతుంది. నేను తుమ్మాను. నష్టం ఒక రేకే. తీస్తున్నావిడ ఏమీ అనకుండా, ఉన్నవాటిలో మంచిది ఏరి నా చేతిలో పెట్టింది.

సాయంత్రం బస్సులో వెంకాయమ్మగారికి ఒకే ఒక్క విషయం పదేపదే చెప్పాను. రేపు అక్కడ పేరు మనం ముందు అనకూడదు. ‘మా మామ్మ పేరు నూకాలు కదా’ అన్నామనుకోండి, వాళ్ళు మర్యాదకి ఆయ్ అంటారు. నూకాలో, నూకరత్నమో, నూకాయమ్మో. మనం ఏదంటే దానికి ఆయ్. వాళ్ళ నోటి నుంచే రావాలి.

“ఆయ్,” అన్నారు వెంకాయమ్మగారు.

భయం వేసింది.

రాజోలు అవతల: పుట్టిల్లు

ఆదివారం మొదటి బస్సుకి వెళ్ళాలి. నేను బేకరీ మేడ మీద గదిలో పడుకున్నాను. అలారం పెట్టాను. అది మోగిందనే అనుకుంటున్నాను. కింద సత్తిబాబుగారు లేచిన చప్పుడు వినపడింది.

తర్వాత వీధిలోంచి నా పేరు వచ్చింది.

మా అమ్మ పోయాక నా పేరుని అంత పొడుగునా ఎవరూ పలకలేదు. ఆఫీసులో సార్, ఇంట్లో ఏవండీ. నిద్దట్లోనే “ఆయ్” అన్నాను. అని, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, పక్కకి తిరిగాను.

“ఆయ్ కాదండి. గుమ్మంలోకి రండి.”

గుమ్మంలోకి వెళ్ళాను. కింద చీకట్లో వెంకాయమ్మగారు పూతరేకుల డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నారు. నా మొహం చూశాకే కదిలారు. ఇన్నేళ్ళ నా సమస్యకి పరిష్కారం ఉందని, అది పేట చరిత్రలో మరుగున పడిందని అప్పుడు తెలిసింది.

వైనతేయ వంతెన మీద తెల్లవారింది. రాజోలులో దిగి ఆటో కట్టించుకుని, గట్టు దిగి, లంకలోకి వెళ్ళాం. చిట్టెమ్మగారు వాకిట్లో మంచం మీద కూర్చుని మునగాకు దూస్తున్నారు. తొంభైకి దగ్గర్లో ఉంటారు. వెంకాయమ్మగారు ఎవరో చెప్పుకున్నారు. చిట్టెమ్మగారు ఆకు దూయడం ఆపలేదు.

“పిలవకండా వచ్చేరేంటే?”

వెంకాయమ్మగారు జవాబు చెప్పకుండా ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, చెంగుముడి విప్పి కుంకుమ పొట్లం తీసి ఆవిడ నుదుట బొట్టు పెట్టారు. పెళ్ళి అయిపోయి యాభై ఏళ్ళు దాటిందని తెలిసీ, “మా సూరక్క పెళ్ళికి రా పిన్నీ,” అన్నారు.

చిట్టెమ్మగారు మునగాకు పక్కకి నెట్టారు. “భోజనాల్లో ఏం పెట్టేరేంటి?” అన్నారు చివరికి. డబ్బా మూత తీశాం.

రెండు పూతరేకులయ్యాక వెంకాయమ్మగారు నా వైపు చూసి, జాగ్రత్తగా, “మా మామ్మని నువ్వేమని పిలిచేదానివి పిన్నీ?” అని అడిగారు.

“అత్తా అని.”

ఇక్కడ కూడా పేరు లేదు. వెంకాయమ్మగారు మాత్రం వదల్లేదు. “మరి మీ నాన్నో?”

“మా నాన్నా? చెల్లెల్ని ఏమంటాడు? నూకీ అనేవోడు.” చిట్టెమ్మగారు వేలు నాక్కున్నారు. “నూకాలమ్మ. అమ్మవారికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరెట్టేరు. మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదేంటి?”

వెంకాయమ్మగారు ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. “నూకలు,” అన్నారు మెల్లగా, పులుసులో ఉప్పు చూసినట్టు. మళ్ళీ అన్నారు. మూడోసారి గట్టు అవతల పడవవాళ్ళకి కూడా వినపడేలా అన్నారు.

నేను గట్టెక్కి సత్తిబాబుగారికి ఫోన్ చేశాను. పెయింటరు నిచ్చెన ఎక్కేశాడట. ‘కే’ రాయబోతుంటే మా కోసం కిందికి దింపి, కేకు పెట్టి కూర్చోబెట్టాడట. నూకాలమ్మ అని అక్షరం అక్షరం చెప్పాను. మాస్టారికి వెంకాయమ్మగారే స్వయంగా చెప్పారు. నిజానికి ఆవిడకి ఫోను అక్కర్లేదు.

“ఆయ్, రాయించేస్తానండి,” అన్నాడు సత్తిబాబుగారు.

ఫొటో పంపమన్నాను.

మళ్ళీ కేకపేట: ఆర్చి కింద

ఫొటో రాలేదు గానీ ఈసారి పని జరిగింది. చిట్టెమ్మగారు అత్త పేరు చూస్తానని మాతోనే ఆటో ఎక్కారు. మేం చేరేసరికి ఎండ వాలింది. దూరం నుంచే కనపడింది. నీలం మీద పసుపు అక్షరాలు, ఒక్కోటి మూరెడు. ‘శ్రీ నూకాలమ్మ నగర్’. ‘శ్రీ’ మాస్టారు చేర్చారు. రెండు వైపులా తామరపువ్వులు పెయింటరు సొంతంగా చేర్చాడు. బంతిపూల దండ సత్తిబాబుగారిది. స్తంభం దగ్గర కొబ్బరికాయ చిప్పలు అప్పటికే నాలుగున్నాయి.

మాస్టారు ఎదురొచ్చారు. మనిషి మనసు పెద్దది. భరతుణ్ణి ఒక్క పూటలో వదిలేశారు. అమ్మవారి పేరు దొరకడం పేట అదృష్టం అన్నారు. కాదండీ, అమ్మవారు కాదు, వీళ్ళ మామ్మ అని చెప్పబోయాను.

“ఆయ్, ఆయ్,” అన్నారు మాస్టారు, సంతోషంగా.

వెంకాయమ్మగారు ఆర్చి కింద నిలబడి కళ్ళజోడు తుడుచుకుని చదువుకుంటున్నారు. ఒక అక్షరం చదివి, ఆగి, ఇంకోటి. అంత ఆనందంగా ఎవరైనా ఒక బోర్డు చదవడం నేను చూడలేదు. నాకూ ఛాతీ కొంచెం ఉబ్బినట్టే అనిపించింది. రెండువందలేళ్ళ కోటేదో తవ్వి తీసినవాడిలా స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డాను. రంగు ఆరలేదు. చెయ్యి నీలమైంది.

అంతలో రోడ్డు మీద పోయే ఆటో ఒకటి వేగం తగ్గింది. డ్రైవరు పైకి చూసి, చెప్పు విడిచి, చెయ్యి కళ్ళకి అద్దుకుని, గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. వెనక బండి మీద పోతున్న దంపతులూ అలాగే చేశారు.

చిట్టెమ్మగారు ఆ బండి మలుపు తిరిగేదాకా చూశారు. తర్వాత నా నీలం చెయ్యి చూశారు.

“ఆళ్ళు దణ్ణమెట్టింది మా అత్తకి కాదు గదయ్యా,” అన్నారు. “కేకమ్మని ఉంచేస్తే ఎవరావిడని నీలాంటోడు ఒకడన్నా దిగి అడిగేవోడు. ఇప్పుడింకెవడడుగుతాడు?”